బేరం కుదిర్చినవాడి వాటా

రెరా చట్టానికి ఈ ఏడాదితో పదేళ్లు. 2016 మే 1న కొన్ని సెక్షన్లతో మొదలై, సరిగ్గా ఏడాదికి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఈ సందర్భంగా ఆదివారం పేజీకి ఏదైనా రాయమంటే ఎవరైనా బిల్డర్ల మీద రాస్తారు. గడువు దాటినా తాళాలు చేతికి రాని ఫ్లాట్లు, బ్రోషర్‌లో కనిపించి స్థలంలో కనిపించని ఈతకొలను... రాయడానికి బోలెడంత సరుకుంది. నా కన్ను మాత్రం ఆ చట్టంలో తొమ్మిది, పది సెక్షన్ల దగ్గర ఆగింది. అక్కడ ‘రియల్ ఎస్టేట్ ఏజెంటు’ అనే పెద్దమనిషి కనిపించాడు. రిజిస్టర్ చేయించుకోవాలట, లెక్కల పుస్తకాలు రాసుకోవాలట, లేనిపోనివి చెప్పి అమ్మకూడదట. మాట తప్పితే రోజుకి పదివేల రూపాయల చొప్పున జరిమానా. ఇన్ని చెప్పిన చట్టం ఆయనకి రావలసిన కమిషన్ ఎంత, అది ఏ రోజున చేతికి రావాలి, ఎగ్గొడితే ఎవరిని పట్టుకోవాలి అన్న సంగతి మాత్రం ఆయనకే వదిలేసింది.

స్థలాల బేరంలో మధ్యవర్తిది విచిత్రమైన బతుకు. ఆయన సరుకంతా రెండు పేర్లు. ఫలానా వీధిలో ఫలానా ఇల్లు అమ్మకానికుందన్నది ఒకటి, ఫలానావాళ్లు కొనే తాహతుతో తిరుగుతున్నారన్నది రెండోది. ఆ రెండు పేర్లనీ కలిపిన మరుక్షణం కొట్టు ఖాళీ. పనిలో కష్టమైన భాగం అయిపోయిందన్న సమయానికే ఆయన అవసరమూ తీరిపోతుంది, డబ్బు మాత్రం ఇంకా నాలుగు వారాల దూరంలో ఉంటుంది. ఇల్లు చూపించడానికి తీసుకెళ్లిన బ్రోకరుని ఎప్పుడైనా గమనించండి. ఆయన చూపు గోడల మీదా ఉండదు, వాస్తు మీదా ఉండదు. ఓనరూ పార్టీ ఎక్కడ ఫోన్ నంబర్లు మార్చుకుంటారోనని వాళ్ల చేతుల మీద ఉంటుంది. “అన్నా, రేటు సంగతి పైన ఎత్తకండి, నేను మాట్లాడతా కదా” అని లిఫ్టులో ఒకసారి, గుమ్మం ముందు ఇంకోసారి చెబుతాడు. దిగి వచ్చేటప్పుడు పార్టీని తనే ముందు నడిపిస్తాడు. వెనకబడ్డ పార్టీ, వెనక్కి తిరిగి ఓనర్ తలుపు తట్టే పార్టీ, ఈ ఇద్దరే ఆయనకి పీడకలలు.

ఈ మనిషి మనకి ఎప్పట్నుంచి ఉన్నాడని వెతుక్కుంటూ వెళ్తే, మొదట దొరికేది ఆయన లేని చోటు. అర్థశాస్త్రంలో ఇల్లూ పొలమూ తోటా చెరువూ అమ్మే పద్ధతి వివరంగా ఉంది. ముందు జ్ఞాతులు, తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాత అప్పిచ్చినవాళ్లు, ఈ వరసలో కొనుక్కునే హక్కు. ఇరుగుపొరుగు పెద్దల ఎదుట హద్దులు చెప్పి, ధర మూడుసార్లు కేకవేయాలి. ఎవరూ అడ్డు చెప్పకపోతే కొనేవాడు కొనుక్కోవచ్చు. పోటీ పడి ధర పెరిగిందా, ఆ పెరిగిన ముక్క సుంకంతో సహా రాజుగారి ఖజానాకి పోతుంది. ధర పెంచడంలోనే కూడు చూసుకునేవాడికి ఈ ఏర్పాటులో ఇక చోటెక్కడ? కౌటిల్యుడు అన్నిటికీ పన్ను వేశాడనుకుంటాం గానీ, బ్రోకరు కమిషన్ మొత్తాన్ని రాజు పేర రాసుకున్న మొదటి ఆర్థికవేత్త కూడా ఆయనే.

అక్కడి నుంచి వెయ్యేళ్లకి పైగా ఒక్క దూకు దూకుదాం, మధ్యన పట్టుకోవడానికి నాకు పెద్ద కొమ్మలేమీ లేవు. ఢిల్లీలో అల్లాఉద్దీన్ ఖిల్జీ సరుకుల ధరలు బిగించినప్పుడు గుర్రాల సంతలో దళారుల మీద ఎంత కఠినంగా విరుచుకుపడ్డాడో చరిత్రకారుడు బరనీ రాసిపెట్టాడు. అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా పుచ్చుకుని ధర ఎక్కిస్తున్నారన్నది వాళ్ల మీద అభియోగం. ఏడువందల ఏళ్ల కిందటి అభియోగానికీ, మొన్న మా అపార్ట్‌మెంటు సంఘం మీటింగులో విన్నదానికీ అక్షరం తేడా లేదు.

మన పశువుల సంతల్లో దళారికి ఉన్న పనితనం చూస్తే మాత్రం కోపం రాదు, ముచ్చటేస్తుంది. తువ్వాలు కిందికి రెండు చేతులు వెళ్తాయి. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వేలు, లేదా అన్ని వందలు. నోరు మెదపకుండా ముందు రైతు చెయ్యి, తర్వాత కొనేవాడి చెయ్యి పట్టుకుని చూస్తాడు. చుట్టూ నిలబడ్డ జనానికి దళారి ముఖం తప్ప ఏమీ కనిపించదు, ఆ ముఖంలో ఏమీ ఉండదు. ఇద్దరి ధరలూ తెలిసినవాడు ఆ సంతలో ఆయనొక్కడే. ఎద్దు మాత్రం చక్కగా నెమరేస్తూ ఉంటుంది.

భూమి దగ్గరికొస్తే, తెలుగువాడు మధ్యన నిలబడి నడిపిన అతిపెద్ద బేరం 1639లో జరిగింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే, ఆ తీరాన్ని ఏలుతున్న దామెర్ల వేంకటాద్రి నాయకుడి నుంచి సముద్రపు ఒడ్డున ఇసుక నేల ముక్క సంపాదించాడు. ఇద్దరి మధ్యా మాట నడిపిన దుబాసీ బేరి తిమ్మన్న. ఆగస్టు 22ని మద్రాసువాళ్లు ఇప్పటికీ ఊరి పుట్టినరోజుగా చేసుకుంటారు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరున చెన్నపట్నం వెలిసింది, డే పేరు చరిత్ర పుస్తకాలకెక్కింది, తిమ్మన్న కంపెనీ వర్తకుల్లో పెద్ద తలకాయ అయ్యాడు. బేరం కుదిర్చినవాడికి ఊళ్లో పరపతి దక్కడం కూడా ఒకరకం కమిషనే.

ఆ తర్వాత కాగితాల కాలం వచ్చింది. 1872 కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ ఒక్క వాక్యంలో తేల్చింది: వేరే ఒప్పందం లేకపోతే, పని పూర్తయ్యేదాకా ఏజెంటుకి డబ్బు బాకీ పడదు. ఆ పక్కనే 220వ సెక్షన్, తప్పుడు పని చేసిన ఏజెంటుకి ఆ పనికి అసలు ఏమీ రాదంటుంది. పదేళ్ల తర్వాత వచ్చిన ఆస్తి బదిలీ చట్టం వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టర్ అయిన దస్తావేజు ఉండాలంది. అమ్మకం ఏ రోజున పూర్తయిందో చెప్పడం అలా తేలికైంది. బ్రోకరు పని ఏ రోజున పూర్తయిందో చెప్పడమే తేలిక కాలేదు. పార్టీని తెచ్చి నిలబెట్టిన రోజునా? బయానా ఇచ్చిన రోజునా? సబ్ రిజిస్ట్రార్ ముందు వేలిముద్ర పడ్డ రోజునా?

ఈ ముడి ఇంగ్లండులో అప్పటికే పడి ఉంది. 1863లో ఒక వేలంపాటగాడు తెచ్చిన కేసు నాకు చాలా ఇష్టం. ఆయనకి అమ్మమని అప్పజెప్పింది ఇల్లూ కాదు, పొలమూ కాదు, గెర్న్‌సీ పక్కనున్న హెర్మ్ అనే ద్వీపం. వేలంలో పాట కుదరలేదు. అక్కడికి వచ్చినవాళ్లలో ఒకాయన మాత్రం యజమాని ఎవరో కనుక్కుని, ఇంటికి వెళ్లి నేరుగా కొనేసుకున్నాడు. వేలంపాటగాడు కమిషన్ అడిగితే, నువ్వు అమ్మలేదు కదా అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. కొనేవాడికీ అమ్మేవాడికీ ఆ సంబంధం ఏర్పడడానికి నిజంగా కారణం ఏజెంటే అయితే, చివరి సంతకాల దగ్గర అతను లేకపోయినా కమిషన్ అతనిదే అంది. వెనక్కి తిరిగి తలుపు తట్టే పార్టీకి దొరికిన మొదటి గట్టి జవాబు ఇదేనేమో. ఇప్పటికీ బ్రోకర్ల తరఫు వకీళ్లు మొదట చేయి పెట్టేది ఈ సూత్రం మీదే.

ఇక ఇక్కడ కాస్త కూర్చుందాం. ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నదే ఈ కథ కోసం.

1935. ఇంగ్లండు దక్షిణ తీరంలో ఈస్ట్‌బోర్న్, హేస్టింగ్స్ అని పక్కపక్కన రెండు సముద్రపు ఊళ్లు. వేసవికి లండన్ జనం వచ్చి పడే ఊళ్లవి. సినిమాకి మాట వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు, ఎక్కడ చూసినా కొత్త హాళ్లు. లగ్జర్ అని ఒక కంపెనీ, రీగల్ అని ఇంకో కంపెనీ, వాటి చేతిలో సినిమా హాళ్లు. యజమానులు అమ్మేద్దామనుకున్నారు. కూపర్ అనే మధ్యవర్తి వచ్చాడు. ఒక లక్షా 85 వేల పౌన్లకి తగ్గకుండా కొనే పార్టీని తెస్తే, అమ్మకం పూర్తయ్యాక 10 వేల పౌన్లు ఇస్తామన్నారు. సెప్టెంబరు 23న మాట. అక్టోబరు 2 నాటికల్లా కూపర్ తెచ్చిన పార్టీ అడిగిన ధరకి కొంటామని ముందుకొచ్చింది. మధ్యలో ఉన్నవి ఎనిమిది, తొమ్మిది రోజులు.

తొమ్మిది రోజుల్లో ఆ మనిషి పడ్డ పరుగు నేను ఊహించుకోగలను. మన దగ్గర శ్రావణమాసం ముందు వారంలో బ్రోకర్ల ఫోన్లు ఎలా మోగుతాయో తెలిసినవాళ్లెవరైనా ఊహించుకోగలరు. పార్టీ రెడీ, డబ్బు రెడీ. అప్పుడు ఓనర్లు మనసు మార్చుకున్నారు. హాళ్లను అమ్మలేదు. దానికి బదులు కంపెనీ వాటాలు చేతులు మారే దారి చూసుకున్నారు. ఆస్తి ఎక్కడికీ కదల్లేదు, ఆస్తి ఉన్న డబ్బా మాత్రం వేరే చేతుల్లోకి పోయింది. అమ్మకం పూర్తి కాలేదు గనక కమిషన్ లేదన్నారు. మన ఊళ్లో ఇలాంటివి నలుగురు పెద్దమనుషుల ముందు తేలతాయి, లేదా టీ కొట్టు దగ్గర తిట్లతో ముగుస్తాయి. కూపర్ కోర్టుకి వెళ్లాడు.

కూపర్ వాదన మనసుకి నచ్చేదే. నేను తేవలసిన మనిషిని తెచ్చాను. అమ్మకం పూర్తికాకపోవడానికి కారణం మీరు. సరైన కారణం లేకుండా మీరు వెనక్కి తగ్గి నా కమిషన్ పోగొట్టకూడదన్న షరతు, మనం పైకి చెప్పుకోకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే కదా. మొదటి న్యాయమూర్తి ఒప్పుకోలేదు. అప్పీలు కోర్టు ఒప్పుకుంది, అంతకు కాస్త ముందే వేరే బ్రోకర్ల కేసుల్లో అదే మాట అని ఉంది కూడా. చివరికి వ్యవహారం ప్రభువుల సభకి, అంటే అప్పటి అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లింది. యుద్ధం నడుస్తోంది, లండన్‌ మీద బాంబులు పడుతున్న రోజులు.

ఆ పీఠం మీద నడుమన కూర్చున్న లార్డ్ చాన్సలర్ ఎవరో చూసి నేను కుర్చీలో లేచి కూర్చున్నాను. వైకౌంట్ సైమన్. మన సైమనే! ‘సైమన్ గో బ్యాక్’ అని దేశమంతా నల్లజెండాలు పట్టిన సర్ జాన్ సైమన్. 1928 ఫిబ్రవరి 3న ఆయన బృందం బొంబాయిలో దిగిన రోజున మద్రాసు వీధుల్లో పోలీసు తుపాకుల ముందు టంగుటూరి ప్రకాశం పంతులు చొక్కా విప్పి గుండె చూపించాడు. కమిషన్ అన్నది ఆ మనిషిని జీవితాంతం వెంటాడినట్టుంది. పన్నెండేళ్ల తర్వాత ఆయన తేల్చవలసి వచ్చింది ఒక సినిమా హాళ్ల బ్రోకరు కమిషన్.

సైమన్ తీర్పు పొడిగా, పద్ధతిగా ఉంటుంది. బ్రోకర్ల ఒప్పందాలన్నీ ఒక్క అచ్చులో పోసినవి కావు, ఏ ఒప్పందంలో ఏం రాసుకున్నారో అదే చూడాలి, అమ్మకం పూర్తయితేనే ఇస్తామన్నచోట పూర్తయ్యాకే ఇవ్వాలి అన్నాడు. ఇల్లు అమ్మకానికి పెట్టినంత మాత్రాన ఓనరు చేతులు కట్టేసుకున్నట్టు కాదన్నది సారాంశం. నాకు నచ్చింది మాత్రం ఆయన పక్కనున్న లార్డ్ రసెల్ అన్న మాట. పదివేల పౌన్లంటే లార్డ్ చాన్సలర్ గారి ఏడాది జీతమంత, ఎనిమిది తొమ్మిది రోజుల పనికి అంత ప్రతిఫలం తక్కువేమీ కాదు, దానికోసం ఆ మాత్రం రిస్కు తీసుకోవచ్చు అని ఆయన తీర్పులో రాశాడు. రాసినప్పుడు ఆ జీతం తీసుకునే మనిషి పక్క కుర్చీలోనే ఉన్నాడు. న్యాయశాస్త్రం చదివినవాళ్లు ఈ వాక్యాన్ని రిస్కు గురించిన సూత్రంగా చదువుకుంటారు. నేను దాన్ని జీతగాడికి బ్రోకరు మీద ఉండే అసూయగా చదువుకుంటాను. నెల జీతానికి పనిచేసే ఏ మనిషైనా, ఇల్లు కొన్న రోజున బ్రోకరుకి కవరు ఇస్తూ మనసులో చేసే లెక్క అదే: మూడుసార్లు వచ్చాడు, రెండుసార్లు ఫోన్ చేశాడు, దానికి లక్షన్నరా?

కూపర్ ఓడిపోయాడు. పైసా రాలేదు. కానీ ఆ హాళ్ల కథ అక్కడితో ఆగలేదు, అందుకే ఇంత ఇష్టం. అదే 1935లో రీగల్ కంపెనీ డైరెక్టర్లు ఇంకో రెండు హాళ్లు లీజుకి తీసుకుని, అన్నీ కలిపి ఒక్క మూటగా అమ్ముదామనుకున్నారు. లీజిచ్చే ఆసామి, దానికోసం పెట్టే అనుబంధ కంపెనీలో అయిదువేల పౌన్ల మూలధనం చూపించమన్నాడు. రీగల్ దగ్గర పెట్టగలిగింది రెండువేలే. మిగతా మూడువేల వాటాలకీ డైరెక్టర్లు, వాళ్ల వకీలు, బయటివాళ్లు కొందరు తలా కొంత వేసుకున్నారు. కొన్ని వారాల్లో వాటాలు అమ్ముడుపోయాయి. ఒక్కో పౌను వాటా మీద 2 పౌన్ల 16 షిల్లింగుల 1 పెన్నీ లాభం. కంపెనీని కొనుక్కున్న కొత్త యజమానులు ఊరుకోలేదు. కంపెనీ పేరునే పాత డైరెక్టర్ల మీద దావా వేశారు. 1942లో ప్రభువుల సభ, మీరు నిజాయితీగానే ఉన్నారు, అయినా కంపెనీ హోదా వాడుకుని సంపాదించిన లాభం గనక కంపెనీకి తిరిగి కట్టండి అని డైరెక్టర్లకి చెప్పింది. పీఠం మీద మళ్లీ లార్డ్ రసెల్ ఉన్నాడు.

ఎవరికేం మిగిలిందో లెక్క చూడండి. పార్టీని తెచ్చిన బ్రోకరుకి సున్నా. డబ్బు పెట్టి బేరాన్ని నిలబెట్టిన డైరెక్టర్లకి వచ్చిన లాభం వెనక్కి. కంపెనీని కొన్నవాళ్లకి మాత్రం, కొన్న ధరలో కొంత కోర్టు ద్వారా తిరిగి వచ్చినట్టయింది. కంపెనీ చట్టం చదివే ప్రతి విద్యార్థికీ రీగల్ కేసు కంఠతా వస్తుంది. కూపర్ పేరు ఏజెన్సీ పాఠంలో ఇంకో పేజీలో ఉంటుంది. రెండూ ఒకే సముద్రపు గాలి పీల్చిన కేసులని చెప్పే మాస్టారు నాకు ఎక్కడా తగల్లేదు.

కూపర్ తీర్పు మన దేశానికి ఓడెక్కి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1943 మే నెల, కలకత్తా. బెంగాల్ కరువు మొదలైన ఏడాది. అమ్రతల్లా వీధిలో ఉన్న ఒక ఆస్తి అమ్మిపెట్టమని యజమాని ఒక బ్రోకరుకి కమిషన్ ఉత్తరం రాసిచ్చాడు. ధర లక్ష రూపాయలకి తగ్గకూడదు. కొనేవాణ్ని సంపాదిస్తే వెయ్యి రూపాయలు, ధర పెరిగేకొద్దీ బ్రోకరు వాటా పెరుగుతుంది. గడువు ఒక్క నెల. గడువు లోపలే బ్రోకరు లక్షా పదివేలకి కొనే ఇద్దరిని పట్టాడు. పట్టి ఊరుకోక, ఒప్పందం కూడా తనే ఖాయం చేసేసినట్టు ఉత్తరాలు నడిపాడు. యజమాని బ్రోకరుకిచ్చిన అధికారం రద్దు చేశాడు. ఆ తర్వాత ఆ ఇద్దరి తరఫు మనిషికే లక్షా అయిదువేలకి అమ్మాడు. సందు చివర మలుపు తిరిగాక వెనక్కి వచ్చి తలుపు తట్టిన పార్టీ, సరిగ్గా!

కేసు తేలేసరికి దేశం స్వతంత్రమైంది, రాజ్యాంగం వచ్చింది. 1950లో, సుప్రీంకోర్టు పుట్టిన ఏడాదే, ఈ బ్రోకరు గొడవ దాని ముందుకొచ్చింది. పీఠంలో మన మద్రాసు పతంజలి శాస్త్రి ఉన్నారు. రెండు ముక్కలు తేలాయి. బేరం మాట్లాడమని అప్పజెప్పడమంటే యజమాని తరఫున అమ్మకం ఒప్పందం మీద సంతకం పెట్టే అధికారం ఇవ్వడం కాదు. అక్కడ బ్రోకరు గీత దాటాడు. కానీ ఇతని ఉత్తరంలో కూపర్‌కి పెట్టినట్టు ‘అమ్మకం పూర్తయ్యాక’ అన్న షరతు లేదు. కొనేవాణ్ని సంపాదించమన్నారు, సంపాదించాడు. చేయవలసింది చేశాక యజమాని వెనకనుంచి ఆ మనుషులతోనే బేరం తెంచుకుంటే కమిషన్ ఎగిరిపోదు. లండన్‌లో ఓడిన కూపర్ వాదన కలకత్తాలో ఉత్తరం రాసిన తీరు వల్ల గట్టెక్కింది. రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టి చదివితే, బ్రోకరు బతుకు ఆయన పరుగులో కన్నా మొదటి రోజు రాసుకున్న నాలుగు పంక్తుల్లో ఎక్కువగా ఉందనిపిస్తుంది. మనవాళ్లు రాసుకోనిది సరిగ్గా ఆ నాలుగు పంక్తులే.

ఇక్కడి దాకా కథ బుద్ధిగా నడిచింది. తర్వాత ఏ దారి పట్టుకోవాలో తెలియనంత గందరగోళం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల్నీ మునసబుల్నీ పటేల్ పట్వారీల్నీ ఒక్క దెబ్బతో తీసేసింది. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరి మీద ఎంత అప్పుంది, ఏ అన్నదమ్ములు విడిపోతున్నారు అన్న లెక్క ఊళ్లో ఒకరి బుర్రలో ఉండేది. ఆ బుర్ర పెత్తనం పోవడం మంచికే. ఆ లెక్క మాత్రం గాల్లోకి పోలేదు. కొంత కంప్యూటర్లోకి వెళ్లింది, కొంత మండలాఫీసు ఎదుటి జెరాక్సు షాపులోకి వెళ్లిందని నా అనుమానం. పేపర్లో క్లాసిఫైడ్స్ పెరిగాయి, ‘మధ్యవర్తులు సంప్రదించవద్దు’ అన్న ముక్కా పెరిగింది. ఆ ప్రకటన చూసి మొదట ఫోన్ చేసేది మధ్యవర్తే.

రాష్ట్రం విడిపోయాక అమరావతి. తుళ్లూరు చుట్టుపక్కల అద్దె కొట్లన్నిటికీ రియల్ ఎస్టేట్ బోర్డులు లేచాయి. 2019 చివర మూడు రాజధానుల మాట రాగానే అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు రిజిస్ట్రేషన్లకి రాలేదు. బేరం కుదిర్చిన రోజున సగం, రిజిస్ట్రేషన్ రోజున సగం అని కమిషన్ మాట్లాడుకున్న బ్రోకర్లకి మొదటి సగమే మిగిలింది, అదీ తిరిగి ఇమ్మని ఇంటిమీదికి వచ్చినవాళ్లున్నారు. అటు 2023లో కోకాపేట ప్రభుత్వ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఒక శాతమే అనుకున్నా ఎకరానికి కోటి. ప్రభుత్వ వేలంలో మధ్యవర్తి లేడు గనక, ఆ కోటి ఎవరి కలలోకి వచ్చిందో గానీ ఎవరి జేబులోకీ రాలేదు.

హైదరాబాదులో ఫ్లాటు బేరానికి రెండు వైపులా చెరో శాతం అనీ రెండనీ చెబుతారు. చట్టంలో లేని రేటు అది, అలవాటు వేసిన రేటు. జీఎస్టీ కింద రిజిస్టరైన ఏజెంటు బిల్లిస్తే పైన 18 శాతం. బిల్లు అడిగిన పార్టీని బ్రోకరు వింతగా చూస్తాడు. రెరా రిజిస్ట్రేషన్ కూడా కొత్త ప్రాజెక్టుల్లో అమ్మేవాళ్లకే. మీ మేనమామ ఇరవై ఏళ్లుగా ఉంటున్న పాత ఫ్లాటు అమ్మిపెట్టే కాలనీ బ్రోకరు దాని పరిధిలోకి రాడు. ఆయనకి ఇప్పటికీ దిక్కు 1872 నాటి 219వ సెక్షనే.

బయటి దేశాల్లోనైనా కుదురుందా అంటే అదీ లేదు. లండన్‌లో హాక్నీ దగ్గర ఏడు ఫ్లాట్లు అమ్ముడుపోక బాధపడుతున్న ఒకాయనతో 2008 జనవరిలో దేవానీ అనే ఏజెంటు ఫోన్‌లో మాట్లాడాడు, నా కమిషన్ రెండు శాతం అన్నాడు. ఎప్పుడివ్వాలో ఇద్దరూ అనుకోలేదు. ఒక హౌసింగ్ ట్రస్టు 21 లక్షల పౌన్లకి కొంది. కమిషన్ 42 వేల పౌన్లు, పైన పన్ను. ఎప్పుడివ్వాలో చెప్పుకోనిది ఒప్పందమే కాదని ఎగ్గొట్టాడు ఓనరు. పదకొండేళ్ల తర్వాత, 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు, ఇలాంటి చోట అమ్మకం పూర్తయ్యాక వచ్చే డబ్బులోంచి ఇవ్వాలని ఎవరికైనా తెలుస్తుంది అని దేవానీని గెలిపించింది. రాతపూర్వకంగా షరతులు ముందే ఇవ్వనందుకు మాత్రం కింది కోర్టు కోసిన మూడో వంతు కోత అలాగే ఉండిపోయింది.

అమెరికాలో వ్యవహారం ఇంకా పెద్దది. అక్కడ అయిదారు శాతం అమ్మేవాడే కట్టి, అందులోంచే కొనేవాడి ఏజెంటుకీ పంచేవారు. 2023 అక్టోబరులో మిస్సోరి జ్యూరీ ఆ అలవాటుని కుమ్మక్కని తేల్చి దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టం కట్టింది. మరుసటి మార్చిలో రియల్టర్ల సంఘం 41.8 కోట్ల డాలర్లకి రాజీపడింది. 2024 ఆగస్టు 17 నుంచి, ఏజెంటుతో ఇల్లు చూడబోయే ముందే కొనేవాడు ఆ ఏజెంటుకి ఎంత ఇస్తాడో రాసి సంతకం పెట్టాలి. డల్లాస్ పక్క ఫ్రిస్కోలో ఆదివారం పూట కుటుంబంతో సరదాగా మోడల్ ఇళ్లు చూసే మన తెలుగువాళ్లకి ఈ కాగితం ఇప్పుడు కొత్త తలనొప్పి. తెలుగు రియల్టర్లకీ తలనొప్పే. చుట్టం చేత, స్నేహితుడి చేత సంతకం పెట్టించుకోవడం మొహమాటం కదా.

మొహమాటం మన దగ్గర ఇంకా ఎక్కువ. అందుకని హైదరాబాదు బ్రోకర్లు కొందరు కొత్త పద్ధతి పట్టారు. ఇల్లు చూపించి పార్టీని కారెక్కించగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడతారు: “సార్, ఈరోజు మీకు ఫలానా ఫ్లాటు నేను చూపించాను. కమిషన్ ఒక శాతం. ఓకే అని పెట్టండి.” ఎక్కువమంది ఓకే అని కూడా పెట్టరు, బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కి ఊరుకుంటారు. 2023లో కెనడాలోని సస్కాచవాన్ కోర్టు అవిసె గింజల బేరంలో ఆ బొటనవేలి బొమ్మే సంతకమని తేల్చి, సరుకు పంపని రైతు చేత 82 వేల డాలర్లు కట్టించింది. అప్పీలులోనూ ఆ తీర్పే నిలబడింది. మా కాలనీ బ్రోకరుకి ఈ సంగతి చెబితే ముందు నమ్మలేదు, తర్వాత ఫోన్ తీసి పాత మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ కూర్చున్నాడు.